గంగనేరు పెరుగు తోడు

పోషకాహార పరిశోధన కేంద్రం సమావేశ మందిరంలో ఆ శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు హాజరైనవారు, హాజరు పుస్తకంలో సంతకాలు చేసిన క్రమంలో, వీరు: అధ్యక్షులు ఆచార్య రంగనాయకులు, ప్రభుత్వం తరఫున వచ్చిన సంయుక్త కార్యదర్శి, ఆయన వెంట ఫైళ్లతో వచ్చిన గుమాస్తా, పిల్లల గుండెజబ్బుల నిపుణుడు డాక్టర్ ఫణీంద్ర, గంగనేరు పాఠశాల ప్రధానోపాధ్యాయుడు హనుమంతరాయుడు, చివరగా, ఎవరి పరిశోధన కోసం ఆ సమావేశం ఏర్పాటైందో ఆ డాక్టర్ మేడవరం సుభద్ర. మొత్తం ఆరుగురు.

ఏడవ మనిషి వరండాలో చెక్కబల్ల మీద కూర్చుని ఉంది. నిజానికి ఆ ఉదయం ఆ భవనంలోకి అందరికంటే ముందు వచ్చింది ఆమే. గంగనేరులో మొదటి బస్సు ఎక్కి ఏడున్నరకే దిగింది. కాపలాదారు ఆమె పేరు అడిగాడు గాని పుస్తకం చూపించలేదు. ఒళ్లో ఒక స్టీలు గిన్నె. మూత ఊడకుండా దాని చుట్టూ కట్టిన తెల్లటి గుడ్డ. ఆమె పేరు సుంకమ్మ. గంగనేరు బడిలో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు మధ్యాహ్న భోజనం వండి పెడుతున్న మనిషి.

సుభద్ర లోపలికి వస్తూ ఆమెను చూసింది. సుంకమ్మ లేచి నిలబడి ఏదో చెప్పబోయింది. బడి పెరుగు రుచి పెద్దలకు చూపించడానికి ప్రధానోపాధ్యాయుడు తెప్పించి ఉంటాడని తలచి, తర్వాత మాట్లాడదామని సుభద్ర ముందుకు సాగిపోయింది. నిన్నటి సాయంత్రం నుంచి ఆమె మనసు ఒక అంకె దగ్గర ఇరుక్కుని ఉంది. మరొకరి మాట వినే తీరికా, ధైర్యమూ ఆమెకు లేవు.

ఆ అంకె సంగతి తెలియాలంటే ముందు పెరుగు సంగతి తెలియాలి.

ఏడేళ్ల కిందట సుభద్ర పిల్లల రక్తపరీక్షల కోసం ఆ జిల్లా బడులన్నీ తిరిగింది. ఆటల గంట కొట్టగానే పిల్లలు మైదానంలోకి పరుగెత్తకపోవడం ఆమె చూసింది. వారు గోడనీడ వెతుక్కుని వరుసగా కూలబడేవారు. పల్లెబడిలో రక్తం లేక పాలిపోయిన పిల్లలు; పట్నపు బడిలో ఒక్క అంతస్తు మెట్లెక్కి రొప్పే బొద్దు పిల్లలు. ఇద్దరినీ ఆడుకోమని చెప్పడం ఇద్దరినీ తిట్టడంతో సమానంగా కనిపించింది. ఆకుకూర పెడితే కంచం అంచుకు నెట్టేవారు; మాత్రలిస్తే కిటికీలోంచి విసిరేవారు. ఏ పిల్లా వద్దనని పదార్థం ఏది అని ఆమె వెతికింది. జవాబు తన కంచంలోనే, చివరి ముద్ద దగ్గర దొరికింది. పెరుగు.

పాలను తోడుపెట్టే సూక్ష్మజీవుల్లో ఒకదానిని సుభద్ర తన ప్రయోగశాలలో కొత్తగా మలచింది. దానికి "చురుకు" అని పేరు పెట్టింది. ఆ పెరుగు తిన్న పిల్ల పేగుల్లో అది కాపురం పెట్టేది. రాగిసంగటిలోనూ గోంగూరలోనూ ఉన్న ఇనుమును ఒడిసిపట్టి రక్తానికి అందించేది. అంతకంటె ముఖ్యంగా, కాళ్లూ చేతులూ కదలికను కోరుకునేటట్టు చేసేది. అలసటనూ ఆయాసాన్నీ మెదడు దాకా పోనీయక మధ్యలోనే మందగింపజేసేది.

గంగనేరు బడిలో కార్తికమాసంలో ప్రయోగం మొదలైంది. మాఘమాసానికల్లా ఆ ఊరు ఊరుగా లేదు. నూట పద్నాలుగు మంది పిల్లల్లో ఒక్కరూ బల్ల మీద కుదురుగా కూర్చోవడం లేదని హనుమంతరాయుడు మొదట ఫిర్యాదు చేశాడు. ఆ తర్వాత తానే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎక్కాలు నడుస్తూ చెప్పించాడు. పదమూడో ఎక్కం అయ్యేసరికి తరగతి మొత్తం వేపచెట్టు చుట్టూ పదమూడు ప్రదక్షిణలు చేసేది. పదకొండు నుంచి ముప్పావుగంట "పరుగు గంట" అని ఏర్పాటు చేశాడు. మేకలు తప్పించుకుంటే కాపరులు పిల్లలను పిలిచేవారు. మనవడు మంచం చుట్టూ తిరుగుతూ అన్నం తింటున్నాడని అవ్వలు విసుక్కుంటూనే మురిసిపోయేవారు. ఆకుకూర పప్పు రెండోసారి అడిగే పిల్లలను చూసి సుంకమ్మ గంటె పట్టుకుని నిలబడిపోయిందట. రక్తపరీక్షల ఫలితాలు వచ్చిననాడు సుభద్ర తన గదిలో తలుపు వేసుకుని ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకుంది.

జాగ్రత్తలు లేక కాదు. చురుకు బతకడానికి ఒక ప్రత్యేక లవణం కావాలి. ఆ లవణం ప్రయోగశాల పంపే తోడు పొడిలో తప్ప మరెక్కడా లేదు. పొడి లేకుండా పెరుగుతో పెరుగు తోడుపెడితే రెండు రోజుల్లో అది చచ్చిపోవాలి. ఇది మొదటి కట్టుబాటు. రెండవది వంటగది గోడ మీద అంటించిన కాగితం: మిగిలిన పెరుగు ఏ రోజుకు ఆ రోజు పారబోయాలి, నిన్నటి పెరుగును నేటికి తోడుగా వాడరాదు. ప్రతి శనివారం ఆ కాగితం కింద సుంకమ్మ కూడబలుక్కుని సంతకం చేసేది.

మూడవ జాగ్రత్త ఒక పిల్ల. నాలుగో తరగతి హంసవేణికి తొమ్మిదేళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసి పోయింది. నాలుగడుగులు గట్టిగా వేస్తే ఆయాసపడి కూర్చునేది. ఆ ఆయాసమే ఆ పిల్లకు కాపలా. ఆ కాపలాను నిద్రపుచ్చే పెరుగు ఆమెకు ఒక్క చుక్క కూడా తగలకూడదని డాక్టర్ ఫణీంద్ర పట్టుబట్టాడు. అందువల్ల హంసవేణికి ఆమె తల్లి లక్ష్మీదేవి ఇంటి నుంచే పెరుగన్నం పంపేది. అయినా, మిగిలిన పిల్లల మాదిరే, అడుగులనూ నాడినీ లెక్కించే పట్టీ ఆమె మణికట్టుకూ కట్టారు. ఆ లెక్కలు సుభద్ర ఫోన్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తాయి.

రోజుకు నాలుగు వేల అడుగులు దాటని హంసవేణి పట్టీ నిన్న సాయంత్రం ఇరవై మూడు వేలు చూపించింది.

పిల్లలు పట్టీలు మార్చుకుని ఉంటారని సుభద్ర తనకు తాను చెప్పుకుంది. మార్చుకోవడం వారికి అలవాటే. శనివారం ఒక సహాయకుడిని పంపి కనుక్కోవచ్చు. ఈ శుక్రవారం గడిస్తే చాలు. జూన్ నుంచి నాలుగు వేల బడులకు, తొమ్మిది లక్షల మంది పిల్లలకు చురుకు పెరుగు అందించే తీర్మానం మీద సంతకాలు పడతాయి. ఒక్క ఫోన్ చేస్తే నిజం తెలిసేది. ఆ ఫోన్ చేయకుండా దానిని చేతిసంచిలో పెట్టేసింది.

ఇప్పుడు ఆ ఫోన్ సమావేశపు బల్ల మీద బోర్లా పడి ఉంది.

అధ్యక్షులు పరిశోధన ప్రాశస్త్యాన్ని నిదానంగా వివరించారు. సంయుక్త కార్యదర్శి రెండుసార్లు గడియారం చూసుకుని, ఇంత స్పష్టమైన ఫలితాలను తన ఉద్యోగ జీవితంలో చూడలేదన్నారు. హనుమంతరాయుడు తన బడి క్రమశిక్షణను వర్ణించాడు. ఉపాధ్యాయుల ఫోన్లన్నీ మధ్యాహ్నం దాకా ఆఫీసు బీరువాలో ఉంటాయనీ, ఈ ఉదయం కూడా తానే తాళం వేసి చెవి జేబులో పెట్టుకుని వచ్చాననీ, పరుగు గంటలో అందరూ మైదానంలోనే ఉంటారనీ చెప్పి, ఆ తాళంచెవి తీసి చూపించాడు. అందరూ నవ్వారు. సుభద్ర కూడా నవ్వి, బల్ల చాటున ఫోన్ తిప్పి చూసింది.

హంసవేణి నాడి: నూట అరవై ఎనిమిది.

మళ్లీ బోర్లా పెట్టింది. తన కొలతల పట్టికను తెర మీద చూపించమని అధ్యక్షులు అడిగారు. లేచి చెప్పడం మొదలుపెట్టింది. మాట ఎక్కడా తడబడలేదు. ముప్పై ఏళ్ల అలవాటు అది. రెండవ పట్టిక దగ్గర మరోసారి ఫోన్ చూసింది. నూట ఎనభై ఒకటి.

అప్పుడు తలుపు తెరుచుకుంది. సుంకమ్మ లోపలికి వచ్చింది. వెనుక కాపలాదారు ఆమె చెంగు పట్టుకోవాలో మానాలో తెలియక నిలబడ్డాడు.

"సుంకమ్మా, ఇది పెద్దోళ్ల మీటింగు. పో, బయట కూచో," అన్నాడు హనుమంతరాయుడు.

"పొద్దున్నుంచి బయటనే కూసోనుండా గదా సార్. నీతో గాదు పని, డాక్టరమ్మతో."

ఆమె గిన్నెను కార్యదర్శి ఫైలు పక్కన పెట్టి గుడ్డ విప్పింది. లోపల పెరుగు. గిన్నె వంచినా జారనంత గట్టిగా, మీద పసుపుపచ్చని మీగడతో ఉంది.

"ఇది మీ పొడి తగలకుండా నా యింట్లో తోడేసింది డాక్టరమ్మా. మాఘమాసం చలికి మీ పొడితో పెరుగు తోడుకోలేదు. నీళ్లు నీళ్లుగా పోస్తే పిల్లోళ్లు మూతి తిప్పుకొనిరి. మా అత్త కాలం నాటి తోడు నా యింట్లో ఉండాది. పొడితో బాటు అదీ రొంత ఏసినా. గడ్డ మాదిరి తోడుకునింది. దాంట్లోదే మర్నాటికి ఒక గంటె ఎత్తిపెట్టుకుంటి. అప్పట్నుంచి దినామూ అంతే."

సుభద్రకు అర్థమైంది. ఆ ఇంటి పెరుగులోని వేరే సూక్ష్మజీవులు చురుకుకు కావలసిన లవణం వంటిదేదో తయారుచేసి పెట్టాయి. రెండు రోజుల్లో చావవలసినది రెండు నెలలుగా బతికి ఉంది.

"మిగిలిన పెరుగు పారబోశానని ప్రతి వారమూ సంతకం పెట్టావు కదా, సుంకమ్మా?"

"పెట్టినా. పెరుగు పారబోసినానమ్మా, అబద్ధం చెప్పల్యా. తోడు పారబోయలేదు." ఒక్క క్షణం ఆగి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "తోడు యెవురన్నా పారబోస్తారా?"

సుభద్ర గిన్నెను తన వైపు లాక్కుంది.

"ఇంకెవరికైనా ఇచ్చావా?"

"పాలు ఇరిగిపోయినోళ్లు, బాలింతలు, గిన్నె పట్టుకోనొచ్చి అడిగితే తోడు లేదని యెట్లంటా? ఇచ్చినా."

"హంసవేణి వాళ్లకు?" అడిగింది సుభద్ర.

"దానికోసమే వచ్చినా తల్లీ. నిన్న మునిమాపు వాళ్లింటి ముందర పోతా చూస్తి. పిల్ల దొడ్డి చుట్టూ గుర్రం మాదిరి తిరుగుతాంది. లక్ష్మీదేవి నన్ను చూసి, మొన్న పక్కింట్లో తెచ్చుకున్న నీ తోడు ఏసినప్పట్నుంచి నా బిడ్డకు ఆయాసమే లేదక్కా అనింది. బడికి పంపొద్దు, ఆ పెరుగు పెట్టొద్దు అని చెప్పినా. నా బిడ్డ బాగయితే నీకెందుకు కడుపుమంట అని తలుపేసుకునింది."

సుభద్ర ఫోన్ తిప్పి, ఈసారి అందరికీ కనిపించేలా బల్ల మధ్యలో పెట్టింది. నూట తొంభై నాలుగు. గడియారంలో పదకొండూ ఇరవై రెండు.

డాక్టర్ ఫణీంద్ర కుర్చీ వెనక్కు నెట్టి లేచాడు. పిల్లను ఈ క్షణమే ఆపాలనీ, ఆమె ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతూ ఉంటుందనీ, చేరుతున్నట్టు ఆమెకు తెలియదనీ చెప్పాడు. హనుమంతరాయుడు బడికి ఫోన్ చేశాడు. మోగింది. మళ్లీ చేశాడు. మోగింది. ఆఫీసు బీరువాలో, తన జేబులోని తాళంచెవి వెనుక, ఉపాధ్యాయుల ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతూ ఉండడం అతని ముఖంలో కనిపించింది. గుమాస్తా పోలీసు స్టేషను పేరెత్తాడు. అది గంగనేరుకు తొమ్మిది మైళ్లు.

"పిండిమర చిన్నప్పకు కొట్టు సార్," అంది సుంకమ్మ. "బడి గోడకానుకోనే గదా మర." వారం వారం అతని దగ్గర రాగులు పట్టించే ఆమెకు నంబరు నోటికి వచ్చు. హనుమంతరాయుడు నొక్కాడు. అవతల మర చప్పుడులో ఇతని మాట ఒక్కటీ వినపడలేదు. సుంకమ్మ ఫోన్ లాక్కుంది. నూట పద్నాలుగు మంది పిల్లలను బంతికి కూర్చోబెట్టే గొంతు అది.

"చిన్నప్పా, మర నిలుపు. నిలిపితివా? గోడ దుంకు. లక్ష్మీదేవి కూతురు హంస, తెల్ల రిబ్బన్లు, పరిగెత్తుతా ఉంటాది. ఎత్తుకో. కొట్టినా కరిచినా ఇడువొద్దు."

"కూర్చోబెట్టమను, పడుకోబెట్టొద్దని చెప్పు," అన్నాడు ఫణీంద్ర.

"కూసోబెట్టుకో, పండబెట్టొద్దంట. పో."

నాలుగు వేల బడుల పేర్లున్న పత్రం మీద ఒక ఫోన్, ఆ ఫోన్ మీద ఒక అంకె. నూట తొంభై ఆరు. నూట తొంభై ఏడు. అది ఏ క్షణాన మాయమవుతుందోనని సుభద్ర రెప్ప వేయలేదు. నూట తొంభై ఏడు. నూట తొంభై ఏడు. తర్వాత నూట తొంభై. తర్వాత నూట ఎనభై రెండు.

గంగనేరుకు బయలుదేరిన కారులో ఫణీంద్ర, సుభద్ర, సుంకమ్మ. నిన్న సాయంత్రం సంచిలో పెట్టేసిన ఫోన్ ఇప్పుడు సుభద్ర పిడికిట్లో ఉంది.

మర వరండాలో, పిండి మూటలకు ఆనుకుని చిన్నప్ప కూర్చుని ఉన్నాడు. నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లటి పిండి. కుడిచేతి మీద పంటిగాట్లు. అతని ఒళ్లో హంసవేణి. పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అయినా పాదాలు రెండూ గాలిలో ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాయి.

"ఇడువమని చెప్పు అవ్వా," అంది సుంకమ్మను చూసి. "ఇంకా రెండు రౌండ్లుండాయి. నేనే ఫస్టు. నాకు అలుపే లేదు."

"తెలుసు తల్లీ, నువ్వే ఫస్టు," అని సుంకమ్మ ఆ పాదాలను రెండు చేతులా పట్టుకుని, కదలకుండా తన ఒళ్లో పెట్టుకుంది.

ఫణీంద్ర సూది వేసి, కారులో తెచ్చిన ప్రాణవాయువు గొట్టం ముక్కుకు తగిలించి, పిల్ల వీపు మీద చెవి ఆనించి విన్నాడు. ఇంకో పావుగంట పరుగెత్తి ఉంటే, అని మొదలుపెట్టి, మిగిలిన మాట మింగేశాడు. అప్పటికి లక్ష్మీదేవి పరుగున వచ్చింది. సుంకమ్మను తిడుతుందనుకున్నారు. ఆమె కూతురి నల్లని పెదవులను చూసి, "నా చేతులతో కలిపి పెట్టినా కదక్కా," అని నేల మీద చతికిలబడింది. సుభద్రకు ఆమె ముందు నిలబడడానికి నేల చాలలేదు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో సుభద్ర సుంకమ్మను అడిగింది: తోడు ఎన్ని ఇళ్లకు వెళ్లింది? సుంకమ్మ కళ్లు మూసుకుని చెప్పడం ప్రారంభించింది. మొదట చిన్నప్ప పెండ్లానికి, వాళ్ల పాప పుట్టినప్పుడు. ఆమె దగ్గరనుంచి ఆమె చెల్లెలికి. తర్వాత చాకలి ఈరమ్మకు, బర్రె ఈనినప్పుడు. ఈరమ్మ దగ్గరనుంచి తుమ్మలబయలులో ఆమె వదినకు. ఎవరు ఎవరి దగ్గర, ఏ వారం, ఏ గిన్నెలో తీసుకున్నారో ఒక్క వరుసా తప్పకుండా, అరవై ఒక్క ఇళ్లు. సుభద్ర రాసుకుంది. ప్రయోగశాలలో ఏ యంత్రమూ ఆ పట్టిక ఇవ్వగలిగేది కాదు.

మూడు రోజులు ఆ ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ పెరుగును పొయ్యి మీద మరగకాచి, గుంట తీసి పోయించారు, గిన్నెలు ఉడికించారు. డాక్టరమ్మ అడిగితే మొగం చిట్లించిన ఇళ్లు సుంకమ్మ గడపలో నిలబడగానే గిన్నె తెచ్చిచ్చాయి. ఆఖరున సుంకమ్మ తన ఇంట్లో, తన అత్త చేతి తోడును తానే పొయ్యి మీద పెట్టింది. అది విరిగి నీరయ్యేదాకా గంటెతో తిప్పుతూ ఉండిపోయింది.

ఇంటికి చేరిన రాత్రి సుభద్ర తన ఫ్రిజ్ తెరిచి, పింగాణీ గిన్నెలోని పెరుగును చూసింది. అది ఆమె తల్లి ఇచ్చిన తోడు. ఐదు ఊళ్ల బదిలీల్లో రైళ్లలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. ఒక్కరోజు కూడా తెగనివ్వలేదు. మూడు వందల పన్నెండు పేజీల తన పథకంలో లేని ఆ ఒక్క గంటె పెరుగు ముప్పై ఏళ్లుగా తన వంటింట్లోనే ఉంది.

బడికి పొడి పంపడం ఆగిన మూడో వారానికి పిల్లల్లో చురుకు అంతరించింది. ఒకనాడు పరుగు గంట మధ్యలో ఒకటో తరగతి పిల్ల మైదానంలో కూలబడి ఏడ్చింది. కాళ్లలో ఏదో దూరిందని భయపడింది. ఆమెను చూసి మరికొందరు కూర్చున్నారు, మరికొందరు ఏడ్చారు. ఐదు నెలలుగా వాళ్లెవరికీ అది తెలియదు. సుంకమ్మ వంటగదిలోంచి వచ్చి, ఆ పిల్ల పిక్కలు నిమిరి, "అది అలుపమ్మా. యేం గాదు. రొంతసేపు కూసుంటే అదే పోతాది," అని అందరినీ నీడకు పిలిచి తలా ఒక గ్లాసు మజ్జిగ పోసింది. వాళ్లు కూర్చుని తాగారు. కాసేపటికి ఇద్దరు లేచి ఆట మొదలుపెట్టారు. మిగిలినవాళ్లు తీరిగ్గా లేచారు.

హంసవేణికి శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి వచ్చింది. రోజూ సాయంత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీధి మొగదాకా నడిచి రావడానికి డాక్టర్ అనుమతించే రోజు కోసం వేళ్లు లెక్కపెట్టుకుంటోంది.

తర్వాతి సమావేశంలో సుభద్ర తన ప్రతిపాదనను ఉపసంహరించుకుని, నివేదిక సమర్పించింది. కాగితం మీద రాసిన దాన్ని పాటించని వంటమనిషిని తొలగించాలని సంయుక్త కార్యదర్శి సూచించారు. నివేదిక చివరి పేరా పూర్తిగా చదివిన తర్వాత నిర్ణయించవలసిందని సుభద్ర కోరింది. అధ్యక్షులు దానిని పైకి చదివారు:

"గత సమావేశపు హాజరు వివరాలను ఇందుమూలముగా సవరించడమైనది. ఆ దినమున హాజరైనవారిలో ప్రథమురాలు, ఉదయం ఏడున్నర గంటలకు, గంగనేరు పాఠశాల భోజన నిర్వాహకురాలు శ్రీమతి సుంకమ్మ. తన పొరపాటును ఎవరూ అడగకుండా, తన ఉపాధికి కలుగగల నష్టము తెలిసి కూడా, ఆమె స్వయముగా వచ్చి వెల్లడించినారు. ఒక బాలిక ప్రాణము ఆమె వలన నిలిచినది. తొమ్మిది లక్షల మంది పిల్లలు ఆమె వలన అపాయము తప్పించుకొన్నారు. అదే విషయమును ముందుటి సాయంత్రమే సూచించిన అంకెను చూచియు మౌనము వహించిన వ్యక్తి ఈ నివేదిక రచయిత్రి. ఆ ఉదయము వరండాలో శ్రీమతి సుంకమ్మను దాటిపోయిన వ్యక్తియు ఆమెయే. శ్రీమతి సుంకమ్మ చేసిన పనికి ఈ కేంద్రము తన కృతజ్ఞతను సగౌరవముగా నమోదు చేయుచున్నది."

కింద ఒకే సంతకం ఉంది: మేడవరం సుభద్ర. అధ్యక్షులు కళ్లద్దాలు తీసి, హాజరు పుస్తకాన్ని వరండాలో కూర్చున్న సుంకమ్మ దగ్గరికి పంపించారు.